మామయ్య అడిగిన జిప్సం

పోయినేడు ఎండాకాలంలో ఓ ఆదివారం పొద్దున్నే సింధనూరు నుంచి మా పెదమామయ్య ఫోన్ చేశాడు. క్షేమసమాచారాలు రెండు ముక్కల్లో తేల్చేసి, "ఒరే అల్లుడూ, మీ వైజాగులో ఎరువుల ఫ్యాక్టరీ దగ్గర జిప్సం గుట్టలు గుట్టలుగా పడుంటదంట గదా. లారీ లోడు ఎంతకొస్తదో కాస్త కనుక్కోరా" అన్నాడు.

మా ఇల్లు కూర్మన్నపాలెం. నాన్న స్టీల్ ప్లాంటులో చేసి రిటైరయ్యాడు, నేను వారంలో మూడు రోజులు ఇంట్లోంచే ప్రొడక్షన్ సపోర్ట్ వెలగబెడుతుంటాను. కూర్మన్నపాలెం జంక్షన్లో ఎవరైనా నేల గురించి మాట్లాడుతున్నారంటే అది గజం రేటు గురించే. అలాంటి చోట కూర్చున్న నాకు మామయ్య అప్పజెప్పిన పని వింతగా అనిపించింది. కానీ ఆయన చెప్పింది అబద్ధం కాదు. గాజువాక దాటి శ్రీహరిపురం వైపు పోతే కోరమాండల్ వాళ్ల ఫ్యాక్టరీ ఉంది, 1967 నుంచీ ఉంది. పోర్టులో దిగిన రాక్ ఫాస్ఫేటుని సల్ఫ్యూరిక్ ఆమ్లంతో కలిపితే ఫాస్ఫారిక్ ఆమ్లం వస్తుంది, దాంతో ఎరువు చేస్తారు. పక్కకి మిగిలేది జిప్సం. ఎరువులోకి పోయే ప్రతి టన్ను ఫాస్ఫేటు పోషకానికీ సుమారు 5 టన్నుల జిప్సం మిగులుతుంది. అందుకే గుట్టలు.

"ఇప్పుడు జిప్సం దేనికి మామయ్యా?" అంటే, "చౌడురా. కింద చేలో మూడెకరాలూ తెల్లగా తేలిపోయింది. మొన్న నారు వేస్తే పదిరోజుల్లో ఎర్రబడి చచ్చింది. పక్క క్యాంపులో ఎవడో జిప్సం తోలితే బాగుపడిందన్నాడు" అన్నాడు.

లారీ రేటు కనుక్కోవడం అరగంట పని. కానీ సింధనూరుకి ఇక్కణ్ణుంచి దాదాపు తొమ్మిది వందల కిలోమీటర్లు. అంత దూరం మట్టి మోయించేముందు అసలది పనిచేస్తుందో లేదో చూద్దామని చదవడం మొదలుపెట్టాను. మన వృత్తిలో ఉన్న జబ్బే అది: టికెట్ వస్తే ముందు రూట్ కాజ్ అంటాం. రెండు నెలలు పట్టింది. ఆ చదివిందీ, తర్వాత వెళ్లి చూసిందీ ఇక్కడ రాస్తున్నాను. బెంగుళూరులోనో, హైదరాబాదులోనో, డల్లాస్‌లోనో ఉండి సోనామసూరి బస్తా కొనుక్కునే ప్రతివాడికీ ఈ కథతో సంబంధం ఉంది. ఆ బియ్యంలో చాలా భాగం ఆ గంగావతి, సింధనూరు చుట్టుపక్కల నుంచే వస్తుంది మరి.

ముందు చౌడు అంటే ఏంటో. మనవాళ్లు దీన్ని రెండు రకాలుగా ఎప్పుడో విడదీశారు. పాలచౌడు, కారుచౌడు. పాలచౌడంటే నేల మీద తెల్లటి పొర, నాలిక్కి తగిలిస్తే ఉప్పన. కరిగే ఉప్పులు ఎక్కువైపోయి మొక్క వేరు నీళ్లు పీల్చుకోలేక చస్తుంది. చుట్టూ నీళ్లున్నా దాహంతో చావడమన్నమాట. కారుచౌడు వేరే. అక్కడ సమస్య మట్టిరేణువుల్ని పట్టుకున్న సోడియం. మట్టి జిగటగా తయారై, తడిస్తే బురద, ఆరితే రాయి, నీళ్లు కిందికి దిగవు. పైన నల్లటి జిడ్డు తేలుతుంది. 1954లో అమెరికా వ్యవసాయ శాఖ వాళ్లు అచ్చేసిన ఒక చేతిపుస్తకం ఈ రెంటికీ అంకెలు ఇచ్చింది: విద్యుత్ వాహకత 4 దాటితే పాలచౌడు, పీహెచ్ 8.5 దాటి, మట్టి పట్టుకున్న లవణమూలకాల్లో సోడియం వాటా నూటికి 15 దాటితే కారుచౌడు. ఇవాళ్టికీ మన భూసార పరీక్షా కేంద్రాల్లో దాదాపు ఆ కొలతలే. చాకలివాళ్లు ఒకప్పుడు బట్టలకి వాడిన చౌడుమట్టి రెండో జాతిది, సోడా ఉన్నది.

(ఇక్కడో చిన్న పిడకలవేట. బళ్లారి, అనంతపురం ప్రాంతాల్లో ఉప్పరవాళ్లు మొదటి రకం మట్టిని కడిగి, ఆ నీళ్లు ఎండబెట్టి తినే ఉప్పు చేసేవారు. ఉప్పు పన్ను కోసం తెల్లదొరల ప్రభుత్వం 19వ శతాబ్దం చివర్లో ఆ పని మాన్పించింది. అంటే కాలవలు రాకముందే అక్కడి నేలలో ఉప్పుంది, అదెక్కడుందో తెలిసిన కులమూ ఉంది. ప్రాజెక్టు గీసేటప్పుడు వాళ్లనెవరైనా అడిగి ఉంటే బాగుండేదని నాకనిపిస్తుంది.)

మరి నేలలో నిద్రపోతున్న ఉప్పు పైకెందుకొస్తుంది? దీపం వత్తిని గుర్తు తెచ్చుకోండి. ప్రమిదలో నూనె ఎక్కడో కిందుంటుంది, వత్తి దాన్ని పైకి లాగుతుంది. నేల కూడా వత్తే. భూమిలో నీటిమట్టం లోతున ఉన్నన్నాళ్లూ వత్తి కొస నూనెకి అందదు. కాలవ నీళ్లు ఏళ్ల తరబడి ఇంకి ఆ మట్టం ఓ మీటరున్నర, రెండు మీటర్ల దాకా పైకొచ్చిందంటే వత్తి అంటుకున్నట్టే. ఎండకి నీరు ఆవిరైపోతుంది, ఉప్పు పైన మిగిలిపోతుంది. రాయచూరు, బళ్లారి వైపు ఏడాది వాన 600 మిల్లీమీటర్లు దాటడం కష్టం, ఎండ దానికి ఎన్నో రెట్లు పీలుస్తుంది. వాన కడగలేదు, ఎండ ఆగదు.

పైగా కాలవ నీళ్లలోనూ ఉప్పుంటుంది. తియ్యగానే ఉంటాయి గానీ లీటరుకి 200 మిల్లీగ్రాములనుకోండి. వరికి ఎకరం మీద మీటరు మందాన నీళ్లు పెట్టామంటే 4047 ఘనపు మీటర్లు. గుణించి చూస్తే ఏడాదికి ఎకరానికి 8 క్వింటాళ్ల ఉప్పు. మనమే మోసుకొచ్చి పోస్తున్నాం. పోయే దారి ఉంటే ఫర్వాలేదు. లేకపోతే? మెమరీ తీసుకుంటూ పోయి తిరిగి వదలని ప్రోగ్రాం ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. మొదటి రోజు అద్భుతంగా నడుస్తుంది, డెమో సూపర్ హిట్టు. కూలేది ఎప్పటికో, అప్పటికి రాసినవాడు ఇంకో కంపెనీలో ఉంటాడు.

ఇది మనిషికి కొత్తగా తెలిసిన సంగతి కాదు. ఇరాకులోని పాత సుమేరు పొలాల మీద జేకబ్సన్, ఆడమ్స్ అనే ఇద్దరు 1958లో ఒక వ్యాసం రాశారు. క్రీస్తుపూర్వం 3500 ప్రాంతంలో గోధుమా బార్లీ సమానంగా పండేవట, 2500 నాటికి గోధుమ ఆరో వంతుకి పడిపోయిందట, 1700 కల్లా దక్షిణాన గోధుమే లేదట. బార్లీ ఉప్పుకి కాస్త ఓర్చుకుంటుంది, గోధుమ ఓర్చుకోదు. నేలలో ఉప్పు పెరుగుతున్న కొద్దీ రైతు పంట మార్చుకుంటూ పోయాడని వాళ్ల వాదన. అన్నిటికీ ఉప్పే కారణమా అని తర్వాతివాళ్లు తగువు పెట్టారనుకోండి, అది వేరే సంగతి.

మన దేశంలో సంగతి ఇంకా సూటిగా ఉంది. కర్నాల్ దగ్గర మునక్ అనే ఊరి రైతులు పశ్చిమ యమునా కాలవ వల్ల తమ పొలాల్లో తెల్ల ఉప్పు తేలుతోందని 1855 ప్రాంతంలోనే మొత్తుకున్నారు. 1876లో ప్రభుత్వం దీనిమీద ఒక కమిటీ వేసింది. అక్కడ ఆ ఉప్పుని రేహ్ అంటారు, కమిటీకీ ఆ పేరే. ఇక దక్కన్ నల్లరేగడి సంగతికొస్తే, పూనా దగ్గర నీరా ఎడమ కాలవకి 1885లో నీళ్లు వదిలారు. రైతులు చెరకు వేశారు. పాతికేళ్లు తిరక్కుండానే, 1910లో హెరాల్డ్ మాన్, తమ్హానే అనే ఇద్దరు వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు "నీరా లోయ ఉప్పు నేలలు" అని ఏకంగా ఒక పుస్తకమే రాయాల్సొచ్చింది. ఆ మధ్యలోనే మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు (పుట్టింది కర్ణాటకలోనే, పూర్వీకుల ఊరు మన ఉమ్మడి ప్రకాశం జిల్లాది) అదే నీరా కాలవ మీద బ్లాకు పద్ధతి పెట్టారు. ఒక బ్లాకులో మూడో వంతుకి మించి చెరకు వెయ్యకూడదు, మిగతాది తక్కువ నీటి పైర్లే. నీళ్లు అందరికీ పంచడానికీ, నేల నీరుపట్టకుండా కాపాడడానికీ. ఆయన్ని మనం వంతెనలకీ, ఆనకట్టల గేట్లకీ గుర్తుపెట్టుకున్నాం. నా లెక్కలో ఆయన చేసిన గొప్ప పని ఇది.

తెలుగు రైతుకి కూడా ఈ భయం ఉండేది. కర్నూలు-కడప కాలవని 1860లలో మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ తవ్వింది. లండన్లో వాటాలు అమ్మి తెచ్చిన డబ్బు. తీరా నీళ్లొచ్చాక రైతులు తీసుకోలేదు. నల్లరేగడికి కాలవ నీళ్లు పెడితే పాడైపోతుందని వాళ్ల నమ్మకం. కంపెనీ దివాలా దిశగా పోయి 1882లో ప్రభుత్వమే కాలవని కొనుక్కుంది. అప్పటి దొరలు దీన్ని రైతుల మూర్ఖత్వం కింద రాసుకున్నారు. నేనూ చిన్నప్పుడు అలాగే చదువుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆ రైతుల మాటలో సగమైనా నిజముంది.

ఇక తుంగభద్ర. నదికి ఆనకట్ట కట్టాలన్న ఊహ 1860 నాటిది, అది కూడా మన కాటన్ దొరదే. 1876-78 కరువులో బళ్లారి జిల్లా వల్లకాడైంది. ఆ తర్వాత ఈ ప్రాంతానికి నీళ్లివ్వాలన్న మాట గట్టిపడింది గానీ, ఎలా ఇవ్వాలన్నది ముఖ్యం. కొద్ది ఎకరాల్లో వరి పండించడానికి కాదు, వీలైనన్ని ఎక్కువ ఎకరాల్లో జొన్న, పత్తి, వేరుశనగ ఎండిపోకుండా రెండు మూడు తడులివ్వడానికి. మన భాషలో ఆరుతడి. కరువు రక్షణ అన్నమాట. మద్రాసు ప్రభుత్వం 1937లోనే సిరుగుప్పలో ఒక పరిశోధనా కేంద్రం పెట్టింది, ఈ నల్లరేగడి తడికి తట్టుకుంటుందా, ఏ పంట వెయ్యొచ్చు అని చూడటానికి. ఆనకట్ట పునాదిరాయి వేసింది 1945లో. రాయికి ఎనిమిదేళ్ల ముందే నేలని పరీక్షకి పెట్టారంటే, ఆ తరం వాళ్లకి ప్రమాదం తెలియదనడానికి లేదు.

1953లో నీళ్లొచ్చాయి. ఎడమ కాలవ కింద ఏ సర్వే నంబరులో ఏ పైరు వెయ్యాలో కాయితం మీద గీసేశారు. వరికి కొద్ది భాగం, ఎక్కువ భాగం ఆరుతడి. స్పెక్ బ్రహ్మాండంగా ఉంది. యూజర్లెవరో మాత్రం స్పెక్ రాసినవాళ్లకి తెలియదు.

యూజర్లు మనమే. తెనాలి, రేపల్లె, గుడివాడ, తణుకు. 1930లలో నిజాంసాగర్ కింద బోధన్, బాన్సువాడలకి వెళ్లి పొలాలు కొన్న అలవాటు అప్పటికే ఉంది. ఇక్కడి స్థానికులు మెట్టరైతులు. చేను చదును చేసి, గట్లు పోసి, నీళ్లు కట్టే పనికి కావాల్సిన డబ్బూ, అలవాటూ వాళ్లకి లేవు. మా తాత రేపల్లె దగ్గర ఎకరంన్నర మాగాణి అమ్మి సింధనూరు దగ్గర పన్నెండెకరాలు కొన్నాడు. మొదటి రెండేళ్లు టెంటులాంటి గుడిసెలో ఉన్నారు, అందుకే వాటికి క్యాంపులని పేరు. గంగావతి దగ్గర శ్రీరామనగర్ లాంటివి ఇవాళ చిన్న పట్నాలు. ఇప్పటికీ పేరు మాత్రం క్యాంపే. గుడి, రామకోటి, సంక్రాంతి ముగ్గు, తెలుగు సినిమా, అన్నీ ఉన్నాయి. పిల్లలు కన్నడంలో చదువుకుని తెలుగులో తిట్టుకుంటారు.

డెల్టావాడికి నీళ్లంటే వరి. ఇంకోటి ఊహలోకి రాదు. కాలవ ఎగువన పొలాలు కొన్నవాళ్లు ఆరుతడి చేలో వరి నాటారు. వరికి జొన్నకో పత్తికో పెట్టే నీళ్లకి రెండు మూడు రెట్లు కావాలి. తూములు పెద్దవయ్యాయి, రాత్రిపూట షట్టర్లు లేచాయి. పీటర్ మోలింగా అనే డచ్చి పరిశోధకుడు 1990లలో ఇక్కడి పల్లెల్లో తిరిగి ఒక పెద్ద పుస్తకం రాశాడు. నీటి పంపకం అనేది ఇంజనీరు లెక్క కాదు, రైతూ, లస్కరూ, ఇంజనీరూ, ఎమ్మెల్యే కలిసి రోజూ ఆడే రాజకీయం అని చూపించాడు. ఎగువవాడు రెండు పంటలు వరి తీస్తే చివరిభూములకి నీళ్లే రాలేదు. సింధనూరు అవతల మాన్వి, రాయచూరు వైపు టెయిలెండ్ రైతు ఇవాళ్టికీ కాలవకేసి చూస్తూ కూర్చుంటాడు.

అది ఒక నష్టం. రెండోది నెమ్మదిగా వచ్చింది. ఎగువ చేలో నిలబెట్టిన నీళ్లు నేలలో అడ్డంగా జారి పల్లంలో ఉన్న చేలలోకి ఊరాయి. నల్లరేగడి తడిస్తే ఉబ్బి బిగుసుకుంటుంది, నీరు నిలువుగా దిగదు, వాలు వెంట పోతుంది. పల్లపు చేలు ముందు జవుకెక్కాయి, తర్వాత చౌడు తేలాయి. తుంగభద్ర ఆయకట్టులో ఇలా పాడైన భూమి దాదాపు 96 వేల హెక్టార్లని అక్కడి శాస్త్రవేత్తల లెక్క. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మొత్తంలో, సముద్రతీరపు ఉప్పు నేలలతో సహా, చౌడు నేలలు 2 లక్షల 74 వేల హెక్టార్లు. ఆ రెండంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి.

క్యాంపుల గురించి రెండు కథలు వినిపిస్తుంటాయి. మన పెళ్లిళ్లలో వినిపించేది: ముళ్లకంపల్ని బంగారం చేశాం. అక్కడి కన్నడ మిత్రులు చెప్పేది: వచ్చి నేల పాడుచేసి పోయారు. మొదటిది నేను చిన్నప్పట్నుంచీ విని పొంగిపోయాను. కష్టం మాట నిజమే, మా అమ్మమ్మ చేతులు చూసినవాణ్ణి. కానీ మనం తీసుకెళ్లింది సగం డెల్టానే. డెల్టాలో ప్రతి పంటకాలవకీ ఒక మురుగుకాలవ జోడీ ఉంటుంది. ఊరికో డ్రెయిన్, దానికో పేరు, దానిమీద తగువులు. 1960లలో వరదలొచ్చి డెల్టా మునిగితే మిత్రా కమిటీ వేసి డ్రెయిన్ల మీద రిపోర్టులు రాయించారు, తర్వాత మురుగుకాలవల కోసం రైతు దగ్గర పన్నే వసూలు చెయ్యడానికి చట్టం తెచ్చారు. అంతటి డ్రెయిన్ల దేశం నుంచి వెళ్లినవాళ్లం వరినీ, పంటకాలవనీ తీసుకెళ్లి మురుగుకాలవని ఇంట్లో మరిచిపోయాం. రెండో కథకీ ఒక సవరణ ఉంది. వరి వేస్తుంటే రైసుమిల్లులకి లైసెన్సులిచ్చిందీ, మద్దతు ధర పెట్టి కొన్నదీ, వరి భాండారమని బోర్డు పెట్టుకున్నదీ ప్రభుత్వమే కదా.

సరే, జబ్బు తెలిసింది. మందు? ఇక్కడే మామయ్య జిప్సం కథలోకి వస్తుంది.

కారుచౌడుకి జిప్సం మందని కాలిఫోర్నియాలో హిల్గార్డ్ 1880లలోనే చెప్పాడు. జిప్సంలో కాల్షియం ఉంది. అది మట్టిని పట్టుకున్న సోడియాన్ని తోసేసి ఆ కుర్చీలో కూర్చుంటుంది. తోసేసిన సోడియం సల్ఫేటుగా మారి నీళ్లలో కరుగుతుంది, ఆ నీళ్లని కిందికి పంపెయ్యాలి. మన దేశంలో దీన్ని పెద్ద ఎత్తున చేసి చూపించింది కర్నాల్లో 1969లో పెట్టిన కేంద్ర మృత్తికా లవణీయతా పరిశోధనా సంస్థ. మునక్ రైతులు మొత్తుకున్న ఆ కర్నాలే, నూటపద్నాలుగేళ్ల తర్వాత. హెక్టారుకి 10 నుంచి 15 టన్నుల జిప్సం వేసి, చదును చేసి, గట్లు పోసి, ముందు వరి వెయ్యాలి (ఇక్కడ వరి మందు, చూశారా విడ్డూరం), ఆ తర్వాత గోధుమ, మధ్యలో జీలుగ దున్నెయ్యాలి. సి.ఎస్.ఆర్.10 లాంటి చౌడుకి ఓర్చే వరి వంగడాలు వాళ్లే తయారుచేశారు. హర్యానాలో 1974లో ఇందుకోసం ఒక కార్పొరేషనే పెట్టి జిప్సం సబ్సిడీలో ఇచ్చారు. పంజాబ్, హర్యానాల్లో లక్షల హెక్టార్లు తిరిగి పైరెక్కాయి. ఉత్తరప్రదేశ్‌లో 1993 నుంచి ప్రపంచబ్యాంకు అప్పుతో ఇదే పని చేశారు. మన వ్యవసాయ చరిత్రలో ఇంత పెద్ద విజయం గురించి ఇంత తక్కువగా మాట్లాడుకోవడం ఆశ్చర్యం.

అది ఎందుకంత బాగా పనిచేసిందో ఆలోచిస్తే ఒక సంగతి తట్టింది. కారుచౌడుకి మందు బస్తాలో వస్తుంది. రైతు తన చేలో తను వేసుకోవచ్చు. తన బోరు, తన గట్టు, తన జీలుగ. పక్కవాణ్ణి అడగక్కర్లేదు. అక్కడ బోర్లు తోడేస్తుంటే నీటిమట్టం దానంతటదే కిందికి పోయింది కూడా.

పాలచౌడు అలా కాదు. ఉప్పు కరిగేదే, కడిగితే పోతుంది, కానీ కడిగిన నీళ్లు ఎక్కడికి పోవాలి? నేలలో మీటరు లోతున చిల్లుల ప్లాస్టిక్ గొట్టాలు వరసగా పరిచి, వాటిని ఒక పెద్ద గొట్టంలో కలిపి, దాన్ని వంకలోకో డ్రెయిన్లోకో వదలాలి. ఈజిప్టులో అస్వాన్ ఆనకట్ట తర్వాత ఇదే పనికి 1973లో ఒక ప్రభుత్వ సంస్థ పెట్టి దేశంలోని సాగునేలలో చాలా భాగానికి గొట్టాలు వేసేశారు. అక్కడ అది ప్రభుత్వం పని. ఇక్కడ అది ఎవరి పనీ కాదు. గొట్టం నా చేలో మొదలై నా చేలోనే ఆగదు. పక్కవాడి చేలోంచి, వాడి పక్కవాడి చేలోంచి పోవాలి. ఒక్కడు ఒప్పుకోకపోతే ఆగిపోతుంది.

మన దగ్గర ఈ ప్రయత్నం జరిగింది. నాగార్జునసాగర్ కుడికాలవ కింద ఉమ్మడి ప్రకాశం జిల్లా కొణంకిలో, కృష్ణా పశ్చిమ డెల్టాలో ఉప్పుగుండూరులో. పేరులోనే ఉప్పు ఉన్న ఊళ్లో ఉప్పు మీద పరిశోధన, బావుంది కదూ. బాపట్ల శాస్త్రవేత్తలు నెదర్లాండ్స్ వాళ్లతో కలిసి 1995 తర్వాత చేశారు. కర్నాల్, గంగావతి కూడా అదే ప్రాజెక్టులో భాగస్వాములు. (మనం తినే బీపీటీ 5204 పుట్టిల్లు కూడా ఆ బాపట్లే, 1986లో విడుదలైంది. ఒకే ఊళ్లో ఒక గదిలో వరి, పక్క గదిలో చౌడు.) నేల కింద గొట్టాలూ, పైన డ్రెయిన్లూ వేసి చూశారు. నీటిమట్టం తగ్గింది, ఉప్పు దిగింది, దిగుబడి పెరిగింది. పనిచేస్తుందని రుజువైంది. ఆ తర్వాతే అసలు ప్రశ్న: ప్రాజెక్టు బండి వెళ్లిపోయాక గొట్టం మూసుకుపోతే ఎవరు తీస్తారు?

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర ఆనకట్ట 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. వారంరోజులు టీవీల్లో అదే. కన్నయ్యనాయుడు గారు వచ్చి పారుతున్న నీళ్లలోనే అడ్డు దించితే దేశమంతా చప్పట్లు కొట్టింది. కొట్టాలి కూడా. ఆ రోజుల్లో మామయ్యకి ఫోన్ చేస్తే "గేటు పోయిందని అందరూ ఏడుస్తున్నార్రా, నా మూడెకరాలు పోయి ఆరేళ్లైంది, కెమెరా రాలేదు" అన్నాడు. అప్పుడు నవ్వి ఊరుకున్నాను. జిప్సం ఫోను దాని తర్వాతి ఎండాకాలంలో వచ్చింది.

చదివిందంతా పట్టుకుని దసరా సెలవల్లో సింధనూరు వెళ్లాను. ముందు చేయించింది మట్టి పరీక్ష. పీహెచ్ 8.1, వాహకత 9. అంటే పాలచౌడు. జిప్సంతో పనిలేదు. "మామయ్యా, లారీ వద్దు. ఉప్పున్న చేలో ఇంకో లవణం పోసినట్టవుతుంది. ఉప్పు కడిగాక మట్టి బిగుసుకుంటే అప్పుడు చూద్దాం" అన్నాను. నల్లరేగడిలో ఒక్కోసారి అలా తిరగబడుతుంది, అప్పుడు జిప్సం కావాల్సొస్తుంది. మామయ్య మొహం చిన్నబోయింది. బస్తాతో పోయే జబ్బు కాదని తెలిస్తే ఎవరికైనా అంతే.

సాయంత్రం ఇద్దరం పొలం చుట్టూ తిరిగాం. మామయ్య పై నాలుగెకరాలూ, దానికి పైన ఇంకో క్యాంపు వాళ్లవీ వరి. కింద ఆయన చౌడు మూడెకరాలు, తెల్లగా, మధ్యలో పిచ్చితుమ్మ. దానికి కింద ఒక స్థానిక రైతు జొన్నచేను. ఆ చేను దాటితే వంక. గొట్టం వంకలోకి పోవాలంటే ఆ జొన్నచేలోంచే పోవాలి, రెండు వందల గజాలుంటుంది.

ఆయన్ని అడిగాం. మామయ్యకంటే పెద్దాయన, మామయ్యకి కన్నడం బానే వచ్చు. ఆయన తువ్వాలు దులిపి భుజానేసుకుని చెప్పినదాని తాత్పర్యం ఇది: మీ నాన్న వచ్చిన ఏడాది నుంచి నా చేనుకి కాలవ తడి సక్రమంగా అందలేదు. కాయితం మీద నాకూ హక్కుంది. మీరు పైన వరి నాటితే నాకు నీళ్లు రాలేదు, కింద నా చేను చివర కూడా ఇప్పుడు తెల్లబడుతోంది. నీళ్లు రానివ్వలేదు, మురుగు మాత్రం నా చేలోంచి పోవాలా?

మామయ్య ఏమీ అనలేదు. నాకు కూడా ఏం మాట్లాడాలో తెలియలేదు. ఇంటికొచ్చాక మామయ్య చాలాసేపు మంచం మీద కూర్చుని, "ఆయనన్నదాంట్లో తప్పేముందిరా" అన్నాడు.

కూర్మన్నపాలెం వచ్చేశాక నేను చెయ్యగలిగింది ఫోన్లే. గంగావతి కేంద్రంలో పనిచేసే ఒకాయన్ని పట్టుకుని గొట్టాల ఖర్చు, దూరం, లోతు కనుక్కున్నాను. బంకమట్టిలో గొట్టాలు దగ్గరదగ్గరగా వెయ్యాలి, ఖర్చు ఎక్కువ. మూడెకరాలకి వేయడంలో అర్థం లేదు, పై చేలతో కలిపి వేస్తేనే గిట్టుబాటు. అంటే పైన ఉన్న క్యాంపువాళ్లు కూడా కలవాలి. వాళ్ల చేను బాగానే ఉంది, వాళ్లెందుకు కలుస్తారు?

ఈ మధ్య మామయ్య ఒక పని చేశాడు. పై నాలుగెకరాల్లో రెండో పంట వరి మానేసి శనగ వేశాడు. మిగిలిన నీటి వంతు కింద జొన్నచేనుకి రెండు తడులు వదిలాడు. లస్కరుకి చెప్పి రాత్రిపూట కాకుండా పగలే వదిలాడట, అందరూ చూసేలాగ. పెద్దాయన తీసుకున్నాడు గానీ గొట్టం సంగతి ఇంకా తేల్చలేదు, ఉగాది తర్వాత మాట్లాడదామన్నాడట. క్యాంపులో మాత్రం మామయ్యకి మతిపోయిందని అనుకుంటున్నారు.

"మరి జిప్సం లారీ?" అన్నాను నిన్న, ఊరికే ఆటపట్టిద్దామని.

"దాని సంగతి తర్వాత. నువ్వు ముందు ఆ గొట్టాలు ఎంత లోతులో వెయ్యాలో మళ్లోసారి చెప్పు, రాసుకుంటాను" అన్నాడు.